ఎలుక మీద కోపం, ఇంటి మీద దెబ్బ: వానాకాలం అటకెక్కే ఎలుక వెనక నూటపాతికేళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చప్పుడుతో మొదలుపెడదాం. రాత్రి ఒంటిగంట. బయట వాన. ఫోన్ పక్కన పెట్టి అప్పుడే కళ్లు మూశారు. సరిగ్గా మీ తల పైన, సీలింగ్ మీద, టకటకటక... ఎవరో ఈ మూల నుంచి ఆ మూలకి గోళీ దొర్లించినట్టు. ఆగింది. మీరు ఊపిరి బిగబట్టి వింటున్నారు. మళ్లీ మొదలైంది.

ఈ చప్పుడు తెలియనివాళ్లు మనలో తక్కువే. పోయిన జులైలో నా పరిస్థితి అదే. హైదరాబాద్‌లో పై అంతస్తులో అద్దెకి ఉంటాను. రెండో వానకే పైన కాపురం మొదలైంది. మొదటి వారం వైఫై వైరు పోయింది, రెండో వారం బియ్యం సంచీకి చిల్లు. బోను కొన్నా, పడలేదు. జిగురు అట్ట పెట్టా, దానికి నా చెప్పు అంటుకుంది. విసుగొచ్చి మా అవ్వకి ఫోన్ చేశా. మా అవ్వది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఎనభై దాటాయి.

"అవ్వా, ఇంట్లో ఎలుకలే" అన్నా. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "పరిగెత్తుతా ఉందా, పైనుంచి రాలి పడిందా?" అని.

"పరిగెత్తుతోంది అవ్వా."

"అట్లయితే ఏం కాదులే నాయనా. పరిగెత్తే ఎలుకతో నష్టమే గానీ భయం లేదు. రాలే ఎలుకకి భయపడల్ల. మా జేజి చెప్తా ఉండె. ఇంట్లో ఎలుక రాలితే తెల్లారేలోపల ఊరు ఖాళీ అంట. చేలల్లో గుడిసెలు ఏసుకుని నెలల తరబడి ఆడే ఉండేటోళ్లంట."

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఎలుక రాలితే ఊరు ఖాళీ ఏంటి? ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే ఈ ఎపిసోడ్ తయారైంది. మన సీలింగ్ మీద పరిగెత్తే ఆ చిన్న జీవి వల్ల మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. చట్టాలు పుట్టాయి, హత్యలు జరిగాయి, కొత్త పేటలు వెలిశాయి. ఎలుకతో మనం చేసిన యుద్ధాల్లో ఎక్కువ భాగం ఎందుకు ఓడిపోయామో, ఏది గెలిచిందో కూడా ఆ చరిత్రలోనే ఉంది.

ముందు మన కథానాయకుణ్ణి పరిచయం చేసుకుందాం. ఇంటి చుట్టూ తిరిగేవన్నీ ఒకటే ఎలుక కాదు. పుస్తకాల మధ్య దూరేది చిట్టెలుక. కాలవల్లో, గోడ పునాదుల్లో బొరియలు తవ్వే లావుపాటిది పందికొక్కు. ఈ రెండింటికీ మధ్య సైజులో, సన్నగా, పెద్ద చెవులతో, ఒంటి కంటే పొడుగు తోకతో ఉండేది మన పైకప్పు ఎలుక. శాస్త్రీయ నామం రాటస్ రాటస్. ఆ తోకే దానికి బ్యాలెన్స్. కేబుల్ వైరు మీద సర్కస్ వాడిలా నడిచేస్తుంది. చెట్లెక్కడం దీని సహజ గుణం. మన ఇంటి అటక, పెంకుల కింది సందు, ఫాల్స్ సీలింగ్, ఇవన్నీ దాని లెక్కలో చెట్టుతొర్రలే.

వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ కనిపిస్తుంది? బయట చెట్ల మీద, పొదల్లో, కట్టెల మోపుల్లో ఉన్న గూళ్లు తడిసిపోతాయి. దానికి కావాల్సింది పొడి చోటు, దగ్గర్లో తిండి. రెండూ మన వంటింటి పైన ఉన్నాయి. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఒక్క ఈతలో ఐదు నుంచి ఎనిమిది పిల్లల్ని పెడుతుంది. అంటే జూన్‌లో ఎక్కిన ఒక జంట వినాయక చవితికల్లా ఒక కుటుంబం అయిపోతుంది.

ఇంకో విషయం. ఇది ఎక్కడి నుంచో వచ్చింది కాదు, మన ఉపఖండపు జీవే. ఇక్కడి నుంచే ధాన్యం వెంట, ఓడల వెంట పశ్చిమానికి వెళ్లింది. రోమన్ల కాలానికి యూరప్ చేరింది. పాత ఎముకల్లోని డీఎన్ఏ మీద 2022లో వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, రోమన్ సామ్రాజ్యం కూలాక యూరప్‌లో ఈ ఎలుక దాదాపు మాయమైంది. మళ్లీ మధ్యయుగాల్లో వ్యాపారం పుంజుకున్నాక రెండోసారి వచ్చింది. మనుషుల గాదెలు నిండితే ఇదీ నిండుతుంది, అవి ఖాళీ అయితే ఇదీ పోతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు మా అవ్వ మాట దగ్గరికి వద్దాం. ఎలుక రాలడం అంటే ఏంటి?

జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో 1619 ప్రాంతంలో ఆగ్రాలో వచ్చిన మహమ్మారి గురించి రాస్తూ ఒక ఇంట్లో జరిగిన సంగతి చెప్తాడు. ఆసఫ్ ఖాన్ కూతురు ఆయనకి చెప్పిన సంగతి అది. ఇంటి ముంగిట్లోకి ఒక ఎలుక తాగినవాడిలా తూలుతూ, పడుతూ లేస్తూ వచ్చింది. దాన్ని తోక పట్టుకుని పిల్లికి వేయించింది. పిల్లి సంబరంగా నోట కరుచుకుని, వెంటనే అసహ్యంతో వదిలేసింది. తర్వాత పిల్లి జబ్బుపడింది. ఆ తర్వాత మనుషులు. కొద్ది రోజుల్లోనే ఆ ఇంట్లో పదిహేడు మంది పోయారు. అంటే ఎలుకకీ ఈ జబ్బుకీ ఏదో సంబంధం ఉందని నాలుగు వందల ఏళ్ల కిందటే మనవాళ్ల కళ్లకి ఆనింది. ఎలా అన్నది మాత్రం తెలియలేదు.

ఆ జబ్బు పేరు ప్లేగు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు, విపరీతమైన జ్వరం, చాలామందికి వారం లోపలే చావు. దీని సూక్ష్మజీవిని 1894లో హాంగ్‌కాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ గుర్తించాడు. రెండేళ్లకి, 1896 సెప్టెంబరులో, బొంబాయి మాండ్వీ పేటలో అకాసియో వీగాస్ అనే డాక్టరు మొదటి కేసులు పట్టుకున్నాడు. మాండ్వీ అంటే ఏంటో తెలుసా? ఓడరేవు పక్కన ధాన్యం గోదాముల పేట. కింద బస్తాలు, పైన కిక్కిరిసిన గదులు, ఆ పైన పెంకులు. ఎలుకకి స్వర్గం.

అక్కడి నుంచి రైళ్లెక్కి దేశమంతా తిరిగింది. 1897 మార్చిలో పుణేలో ప్లేగు రోగులకి సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే అదే జబ్బుతో కన్నుమూశారు. 1898 ఆగస్టులో హుబ్లీ వైపు నుంచి రైల్లో బెంగళూరు చేరింది. బెంగళూరు నుంచి మా అవ్వ వాళ్ల హిందూపురం ఎంత దూరం? రైలు దారే కదా.

ఇక ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 1897 ఫిబ్రవరిలో హడావుడిగా ఒక చట్టం తెచ్చింది, ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? 2020లో కరోనా వచ్చినప్పుడు మన మీద వాడిందీ ఇదే. అప్పట్లో ఈ చట్టంతో అధికారులకి ఇంట్లోకి చొరబడే హక్కు వచ్చింది. పుణేలో సోల్జర్లు ఇళ్లలోకి దూరి, ఆడవాళ్లని కూడా బయట నిలబెట్టి పరీక్షలు చేయించారు. సామాన్లు తగలబెట్టారు. అప్పటి డాక్టర్ల నమ్మకం ఏంటంటే రోగం మట్టిలో, చీకట్లో, మురికిలో ఉంటుందని. అందుకని ఎండ పడాలని ఇళ్ల పైపెంకులు ఊడబీకించారు. బొంబాయిలో కొన్ని ఇళ్ల గోడల మీద ఇంగ్లీషు పొడి అక్షరాలు రాసేవారు. "మనుషులు ఉండటానికి పనికిరాదు" అని దానర్థం.

ఒక్కసారి ఆలోచించండి. పైకప్పులో ఉన్న ఎలుక కప్పు ఊడదీస్తే ఏం చేస్తుంది? పక్కింటికి పోతుంది. రోగాన్ని కూడా తీసుకుని పోతుంది. "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు" అని మనకొక సామెత ఉంది చూడండి, పుణేలో, బొంబాయిలో అది అక్షరాలా జరిగింది. తగలబడిన ఇల్లు మాత్రం ఎవరిది? రాతి మేడలున్నవాళ్లది కాదు. జనం కోపం ఎంతకి పోయిందంటే, 1897 జూన్ 22 రాత్రి పుణే ప్లేగు కమిటీ అధిపతి రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. దాని తర్వాత తిలక్ మీద రాజద్రోహం కేసు. మన స్కూలు పుస్తకాల్లో ఒక లైనులో అయిపోయే ఆ సంఘటన వెనక ఇంత కథ ఉంది.

మరి ఊళ్లలో జనం ఏం చేశారు? మా అవ్వ జేజి చెప్పిందే చేశారు. ఎలుక రాలగానే ఇల్లు వదిలేశారు. చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. అంటే వాళ్లకి శాస్త్రం అంతా తెలుసని కాదు. అమ్మవారి కోపం అనుకున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరులో, కోయంబత్తూరులో ప్లేగు మారమ్మ, ప్లేగు మారియమ్మ పేరుతో గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. క్యాంపుకి తీసుకుపోతారని భయపడి రోగుల్ని దాచినవాళ్లూ ఉన్నారు. కానీ ఇంట్లోంచి పొమ్మని కాలు చెప్పింది సరైన దిక్కే. చివరికి ప్రభుత్వం కూడా పల్లెల్లో ఇదే మేలని ఒప్పుకుని ఊళ్లు ఖాళీ చేయించడం మొదలుపెట్టింది.

ఆ కాలం ఎలా ఉండేదో చూడాలంటే ఒక సినిమా ఉంది. యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల "సంస్కార". దాన్ని 1970లో సినిమాగా తీసింది మన నెల్లూరాయనే, కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. అగ్రహారంలో ఎలుకలు చస్తుంటాయి, ఇళ్ల కప్పుల మీద రాబందులు వాలుతుంటాయి. శవానికి ఎవరు సంస్కారం చేయాలన్న ధర్మసందేహంలో అందరూ ఉంటారు, చచ్చిన ఎలుక ఏం చెప్తోందో ఎవరూ వినరు. వీలైతే చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలుక నుంచి మనిషికి రోగం ఎలా వస్తోంది? దీన్ని పట్టుకున్నవాడు పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు. ఆయన ఒకటి గమనించాడు. ఇప్పుడే చచ్చిన ఎలుకని ముట్టుకున్నవాళ్లకి జబ్బు వస్తోంది. చచ్చి చాలాసేపై చల్లబడ్డ ఎలుకని తీసేసినవాళ్లకి రావట్లేదు. తేడా ఏంటి? ఎలుక ఒంటి మీద రక్తం తాగి బతికే చిన్న పురుగు ఒకటుంటుంది. రెక్కలుండవు, ఎగిరి దూకుతుంది. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు, మనమూ అలాగే పిలుచుకుందాం. ఒళ్లు వెచ్చగా ఉన్నంతసేపు ఫ్లీ అక్కడే ఉంటుంది. ఒళ్లు చల్లబడితే దిగిపోయి ఇంకో వెచ్చటి ఒంటిని వెతుక్కుంటుంది. అది మనిషిది కూడా కావచ్చు.

1898 జూన్‌లో కరాచీలో సిమాండ్ ఒక పెద్ద సీసాలో ఫ్లీలున్న జబ్బు ఎలుకని పెట్టాడు. పక్కనే చిన్న వైరు బోనులో ఆరోగ్యంగా ఉన్న ఎలుక. రెండూ ఒకదాన్నొకటి తాకలేవు, ఫ్లీ మాత్రం దూకగలదు. జబ్బు ఎలుక చచ్చింది, కొన్ని రోజులకి రెండోది కూడా ప్లేగుతోనే చచ్చింది. ఫ్లీలు లేకుండా అదే పని చేస్తే ఏమీ కాలేదు. చాలా చిన్న ప్రయోగం. కానీ నమ్మినవాళ్లు లేరు. 1898లో వేసిన తొలి ప్లేగు కమిషన్ కూడా ఆయన మాటని పెద్దగా లెక్కచేయలేదు. పెంకులు ఊడబీకడం మాత్రం నడిచింది.

ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం 1905 తర్వాత వస్తుంది. కొత్తగా వేసిన పరిశోధక బృందం బొంబాయి పరేల్‌లో, ఇప్పుడు హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అంటున్న చోట, ఆరు గుడిసెలు కట్టింది. ఆరూ ఒకేలా ఉంటాయి. తేడా పైకప్పులో మాత్రమే. రెండింటికి మన మామూలు నాటు పెంకులు, ఎలుకలు హాయిగా కాపురం ఉండేవి. రెండింటికి చదును పెంకులు, ఎలుకలు ఉంటాయి గానీ అంత సుఖంగా కాదు. మిగతా రెండింటికి ముడతల ఇనుప రేకుల కప్పు. అక్కడ ఎలుకలకి చోటు లేదు, కాబట్టి వాటి ఫ్లీలు కిందికి రాలవు.

ఎలుకలు చేరేదాకా కొన్నాళ్లు ఆగారు. ఆ తర్వాత ప్రతి గుడిసెలో ప్లేగు ఉన్న గినీ పందుల్నీ, ఆరోగ్యంగా ఉన్నవాటినీ కలిపి వదిలారు. ఫ్లీలు రాలగలిగిన మొదటి నాలుగు గుడిసెల్లో ఆరోగ్యమైనవాటికీ ప్లేగు వచ్చింది. రేకుల కప్పున్న రెండింట్లో జబ్బువాటి పక్కనే తిరిగినా రాలేదు.

అర్థమైందా? మట్టిలో లేదు, చీకట్లో లేదు, పేదవాడి మురికిలో లేదు. నెత్తి మీద ఉన్న ఆ సందులో ఉంది. పదేళ్ల పాటు ఇళ్లు కూల్చి, మనుషుల్ని క్యాంపుల్లో పెట్టి, సామాన్లు కాల్చి సాధించలేనిది ఎలుకకి చోటివ్వని ఒక కప్పు సాధించింది.

ఇంకోటి కూడా గమనించండి. ఆ చదును పెంకులు, మనం మంగుళూరు పెంకులు అని పిలిచే రకం, అప్పుడప్పుడే దేశమంతా వ్యాపిస్తున్నాయి. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. కాస్త డబ్బున్నవాళ్లు నాటు పెంకు తీసి వాటికి మారారు. ఎలుకలు తగ్గాయి కానీ పోలేదు. ఖరీదైన కప్పు వేసుకున్నంత మాత్రాన సరిపోదు, సందు మూయాలి. మన ఫాల్స్ సీలింగ్‌లకి కూడా ఇదే పాఠం. నా అద్దె ఇంటి సీలింగ్ చూడ్డానికి ఎంత బాగుంటుందో! దాని పైన ఏసీ పైపు కోసం కొట్టిన పిడికిలంత రంధ్రం అలాగే వదిలేశారు.

మరి ఎలుకల్ని చంపేస్తే పోదా? అదీ చేసి చూశారు. ఈ కథ వియత్నాంది. హనోయ్‌లో ఫ్రెంచి ప్రభుత్వం కొత్తగా భూగర్భ మురుగు కాలవలు కట్టింది. అవి ఎలుకలకి జాతీయ రహదారులయ్యాయి. 1902లో ప్లేగు భయంతో ముందు కూలీలతో చంపించారు. ఒక దశలో ఒక్కరోజులో ఇరవై వేలకు పైగా ఎలుకల్ని చంపారు. అయినా తగ్గలేదు. అప్పుడు జనానికి ఆఫర్ పెట్టారు, తోక తెస్తే డబ్బులు. తోకలు కుప్పలుగా వచ్చాయి. కొన్నాళ్లకి వీధుల్లో తోకలేని ఎలుకలు కనబడ్డాయి! తోక కోసుకుని ఎలుకని వదిలేస్తున్నారు, అది పిల్లలు పెడితే ఇంకా తోకలొస్తాయి కదా. ఊరి బయట కొందరు ఎలుకల్ని పెంచడం కూడా మొదలుపెట్టారట. ఆఫర్ ఎత్తేశారు.

అప్పుడు నగరాలు వేరే దారి పట్టాయి, ఇళ్లు కట్టే పద్ధతి మార్చడం. బెంగళూరులో ఇవాళ ఖరీదైన పేటలైన మల్లేశ్వరం, బసవనగుడి ఆ 1898 ప్లేగు తర్వాత గాలీ వెలుతురూ ఉండేలా వేసిన పేటలే. మన హైదరాబాద్‌లో 1908 మూసీ వరద, ఆ తర్వాత 1911లో ప్లేగు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టడం అక్కడి నుంచి మొదలు. ఇందులోనూ ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా పేదలేనని మర్చిపోకూడదు.

ఇక విషం సంగతి. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. కొత్త తిండి కొంచెం కొరికి చూస్తుంది. కడుపులో తేడా కొడితే జన్మలో మళ్లీ ముట్టదు. అందుకే త్వరగా పనిచేసే విషాలకి అది దొరకదు. 1920లలో ఉత్తర అమెరికాలో పాడైన గడ్డి తిన్న ఆవులు రక్తం గడ్డకట్టక చచ్చిపోయేవి. ఆ గడ్డిలో ఏముందో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త వెతికి పట్టుకున్నాడు. దాని నుంచి 1948లో వార్ఫరిన్ అనే ఎలుకల మందు వచ్చింది. మెల్లగా పనిచేస్తుంది కాబట్టి ఎలుకకి అనుమానం రాదు. అదే వార్ఫరిన్ తర్వాత గుండె జబ్బులవాళ్లకి మందైంది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి కూడా ఇచ్చారు. కానీ పదేళ్లకే, 1958లో స్కాట్లండ్‌లో, దాన్ని తిని అరిగించుకునే ఎలుకలు కనబడ్డాయి. ఎలుక మళ్లీ గెలిచింది.

విషం మాట వచ్చింది కాబట్టి సీరియస్‌గా ఒక మాట. షాపుల్లో దొరికే ఎలుకల పేస్టుల్లో కొన్నింట్లో పసుపు ఫాస్ఫరస్ ఉంటుంది. దానికి విరుగుడు మందు లేదు. లివర్‌ని దెబ్బతీస్తుంది. మొదట ఏమీ కానట్టే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత పరిస్థితి చేయిదాటుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లు, మనసు బాగాలేనివాళ్లున్న ఇల్లు, అసలు ఏ ఇల్లయినా సరే, అది ఇంట్లో ఉండకూడదు. నేను కొన్న ట్యూబు అవ్వతో మాట్లాడిన మర్నాడే వదిలించుకున్నా. ఎవరైనా పొరపాటున తిన్నారని తెలిస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"ఇప్పుడు ప్లేగు ఎక్కడుంది?" అని మీరడగొచ్చు. నిజమే, ఇప్పుడు యాంటీబయాటిక్స్ ఉన్నాయి, మన దేశంలో అది చాలా అరుదు. కానీ 1994ని గుర్తుచేసుకోండి, లేదా ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అంతకు ముందు ఏడాది, 1993 సెప్టెంబరు 30న, మహారాష్ట్రలో లాతూర్ భూకంపం. భయంతో చుట్టుపక్కల జిల్లాల జనం ఇళ్లు వదిలి బయట ఉన్నారు. ధాన్యం ఇళ్లలోనే ఉండిపోయింది. గాదె నిండుగా, మనిషి లేకుండా! ఎలుకలు పెరిగాయి. 1994 ఆగస్టులో బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ఎలుకలు రాలడం మొదలైంది. సెప్టెంబరులో, వరదల తర్వాత, సూరత్‌లో ప్లేగు కలకలం. యాభైకి పైగా మంది చనిపోయారు, లక్షల మంది ఊరొదిలి రైళ్లెక్కారు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే, ఎలుక మన గాదె వెంట నడుస్తుంది.

ఇవాళ వానాకాలంలో మనకి ఎక్కువ దగ్గరగా ఉన్న ప్రమాదం వేరే, లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు కాళ్ల పగుళ్లలోంచి, దెబ్బల్లోంచి ఒంట్లోకి పోతే వస్తుంది. 2018 వరదల తర్వాత కేరళని బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. మురికినీళ్లలో నడిచాక జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే మెడికల్ షాపులో ఏదో బిళ్ల కొని వేసుకోకుండా డాక్టర్‌కి చెప్పండి, నీళ్లలో నడిచిన సంగతి కూడా చెప్పండి. టైముకి పట్టుకుంటే నయమవుతుంది.

సరే, మరి నా ఇంట్లో ఎలుకలు ఏమయ్యాయి? పరేల్ గుడిసెల సంగతి చదివాక నేను బోను పక్కన పెట్టి టార్చి పట్టుకున్నా. ఎలుక ఎక్కడుందో వెతకడం మానేసి ఎక్కడి నుంచి వస్తోందో వెతికా. మేడ మీదికి వాలిన వేపకొమ్మ ఒకటి, దాన్ని ఓనర్‌కి చెప్పి గోడకి ఒక మీటరు పైనే దూరంగా కొట్టించా. ఏసీ పైపు రంధ్రం, వంటింటి చిమ్నీ గొట్టం పక్క సందు, బాత్రూం వెంటిలేటర్. వీటికి సన్న కన్నాల ఇనుప జాలీ, చుట్టూ సిమెంటు. గుర్తుంచుకోండి, మీ బొటనవేలు దూరే సందులో ఎలుక కూడా దూరుతుంది. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి. రాత్రి చెత్తబుట్టకి మూత.

అన్నీ ఒకేసారి మూసేస్తే లోపలున్నవి లోపలే చస్తాయి కాబట్టి చివరి రంధ్రం మూసే ముందు బోను పని పూర్తి చేశా. ఈసారి బోనుని నాలుగు రోజులు తలుపు కట్టేసి ఊరికే వదిలేశా, లోపల కొబ్బరి ముక్క పెట్టి. అలవాటు పడ్డాయి. ఐదో రాత్రి నుంచి మూడు రోజుల్లో మూడు పడ్డాయి. ఎక్కడైనా చచ్చిన ఎలుక కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టకండి, సిమాండ్ చెప్పిన కారణం ఉండనే ఉంది. గ్లవ్స్ వేసుకుని, కవర్లో పెట్టి, చోటుని బ్లీచింగ్‌తో కడగండి. ఒకేసారి చాలా ఎలుకలు కారణం లేకుండా చచ్చి పడుంటే మున్సిపాలిటీకో పంచాయతీకో చెప్పాల్సిందే.

పని అయ్యాక అవ్వకి ఫోన్ చేసి పరేల్ గుడిసెల కథ మొత్తం చెప్పా, పెద్ద విషయం కనిపెట్టినట్టు. ఆమె అంతా విని, "ఇంతోటి దానికి బొంబాయి దాకా పోవల్లనా" అంది. వాళ్లది మట్టి మిద్దె. ప్రతి ఏడాదీ మిరుగు కార్తె రాకముందే మిద్దె మీద కొత్త చవుడు పరిపించేవాళ్లంట. ఆ పని చేసేటప్పుడే దంతెల సందులన్నీ చూసి, ఎలుక బొక్క కనిపిస్తే రాయి కూరి మట్టితో మెత్తేవాళ్లంట. గింజలు పాతరలోనో, మూత గట్టిగా ఉన్న గాదెలోనో. "వాన పడినాక ఎలుకని తరిమేదేంది నాయనా, వాన రాకముందే కదా ఇల్లు చూసుకునేది" అంది.

మనం ఆ ఇళ్లు వదిలేసి స్లాబు ఇళ్లకొచ్చాం. ఏడాదికోసారి కప్పు చూసుకునే అలవాటు కూడా ఆ ఇళ్లతోనే వదిలేశాం. ఎలుక మాత్రం ఏమీ మర్చిపోలేదు.

కాబట్టి ఈ వీడియో చూశాక చిన్న పని చేయండి. ఫోన్‌లో టార్చి ఆన్ చేసి, మీ ఇంటి కప్పు చుట్టూ ఒక్కసారి తిరిగి రండి. తర్వాత మీ అవ్వకో తాతకో ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో ప్లేగు గుడిసెల కథ ఏమైనా ఉందేమో అడగండి. ఉంటే రికార్డు చేసి పెట్టుకోండి. ఆ మాటలు చెప్పేవాళ్లు ఇంకెన్నాళ్లు ఉంటారు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.